తుపాకీ లైసెన్సు, షూటింగ్ రేంజ్, ఆత్మరక్షణ తరగతి: ఎవరికి ఏది అక్కరకు వస్తుంది

కాలనీలో ఒక ఇంటి తాళం పగిలిందనో, ఉదయం నడకకు వెళ్ళిన పెద్దావిడ మెడలో గొలుసు తెంపుకుపోయారనో తెలిసిన రోజున నలుగురు కూడిన చోట ఆత్మరక్షణ ప్రస్తావన రాక మానదు. లైసెన్సు తీసుకుని ఇంట్లో ఒక రివాల్వర్ ఉంచుకోవడమే మేలని ఒకరంటారు, అమ్మాయిని కరాటేలో చేర్పించామని ఇంకొకరంటారు, సంచిలో పెప్పర్ స్ప్రే ఉంటే చాలని మరొకరంటారు. వీటిలో ఒకటి ఉంటే మిగిలినవి అక్కరలేదన్నట్టు మాట్లాడుకోవడం అలవాటైపోయింది గానీ, ఒక్కొక్కటీ ఒక్కో రకం ప్రమాదానికి పనికివస్తుంది, ఒక్కొక్కటీ మన నుంచి ఒక్కో మోతాదు సాధన కోరుతుంది. అందువల్ల డబ్బు ఖర్చు పెట్టేముందు తేల్చుకోవలసినవి రెండు: మీకు నిజంగా ఎదురయ్యే ప్రమాదం ఏది, నేర్చుకున్నదాన్ని ఏడాది తరవాత కూడా సాధన చేసే ఓపిక మీకు ఉందా.

తుపాకీ లైసెన్సు ఏమి కోరుతుంది

మన దేశంలో తుపాకీ ఉంచుకోవడం ప్రభుత్వం ఇచ్చే అనుమతి మాత్రమే. అమెరికాలో మాదిరిగా ఇక్కడి రాజ్యాంగం ఎవరికీ ఆయుధం ధరించే హక్కు ఇవ్వలేదని సుప్రీంకోర్టు 2023లో కూడా గుర్తుచేసింది. 1959 నాటి ఆయుధాల చట్టం, 2016లో వచ్చిన ఆయుధాల నియమావళి ఈ వ్యవహారాన్ని నడిపిస్తాయి. దరఖాస్తుదారుకు 21 ఏళ్ళు నిండి ఉండాలి. జిల్లాల్లో కలెక్టరు, హైదరాబాద్, విశాఖపట్నం, విజయవాడ వంటి కమిషనరేట్లలో పోలీసు కమిషనరు లైసెన్సు అధికారిగా ఉంటారు. దరఖాస్తు అందాక స్థానిక పోలీసులు విచారణ జరిపి, మీపై కేసులేమైనా ఉన్నాయా, మీరు చెబుతున్న ముప్పులో నిజం ఎంత అన్నది నివేదిక పంపుతారు. మా వీధిలో దొంగతనాలు ఎక్కువయ్యాయన్న ఒక్క కారణం అక్కడ నిలవడం కష్టం; వృత్తి వల్లనో వ్యాపారం వల్లనో ప్రాణానికీ ఆస్తికీ ముప్పు ఉందని చూపగలిగిన నగల వ్యాపారి, పెద్ద మొత్తంలో నగదు తరలించే సంస్థ యజమాని, బెదిరింపులపై ఇదివరకే ఫిర్యాదు నమోదు చేయించిన వ్యక్తి వంటివారి దరఖాస్తుకు బలం ఉంటుంది.

లైసెన్సు వచ్చిన తరవాత కూడా బాధ్యతలు తక్కువేమీ కావు. ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణ ఒక వ్యక్తి ఉంచుకోగల తుపాకుల సంఖ్యను మూడు నుంచి రెండుకు తగ్గించి, లైసెన్సు గడువును మూడేళ్ళ నుంచి ఐదేళ్ళకు పెంచింది. పెళ్ళి ఊరేగింపుల్లో సంబరంగా గాల్లోకి కాల్చి ఎదుటివారి ప్రాణాన్ని ప్రమాదంలో పెడితే రెండేళ్ళ వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా లేదా రెండూ పడవచ్చు. 2016 నియమావళి ప్రకారం ఆయుధాన్ని సురక్షితంగా వాడడం, భద్రపరచడం గురించి శిక్షణ పొందినట్టు ధ్రువపత్రం చూపాలి. ఎన్నికల నియమావళి అమల్లోకి రాగానే తుపాకీని ఠాణాలో అప్పగించమని నోటీసు వస్తుంది; రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ లైసెన్సుదారులకు ఇది పరిపాటే. సినిమాల్లో కనబడే 9 ఎంఎం పిస్టల్ సామాన్యులకు నిషిద్ధ బోరు (బోరు అంటే గొట్టం లోపలి వ్యాసం) కిందికి వస్తుంది కాబట్టి, చేతి ఆయుధం కావాలనుకునేవారు మామూలుగా .32 బోరు దగ్గరే ఆగుతారు. కాన్పూరులోని ప్రభుత్వ ఆయుధ కర్మాగారం 2014లో మహిళలను దృష్టిలో పెట్టుకుని విడుదల చేసిన నిర్భీక్ రివాల్వర్ కూడా .32 బోరే, అది సుమారు 500 గ్రాముల బరువుతో తేలికగానే ఉండేది గానీ, అప్పటి ధరే దాదాపు 1,22,000 రూపాయలు. రాత్రి షిఫ్టు ఉద్యోగానికి బస్సులో వెళ్ళే అమ్మాయి కోసమని ప్రచారం చేసిన వస్తువు ఆమె ఏడాది జీతంలో ఎంత భాగమో ఎవరు లెక్క చూసుకున్నారో తెలియదు.

మన ప్రాంతంలో తుపాకీ, వెంట గన్‌మెన్ హోదాకు గుర్తులుగా చెలామణి అయిన రోజులు ఉన్నాయి. ఆ మోజుతో లైసెన్సు కోరేవారికి ఇక్కడ ఇవ్వగల సలహా ఏమీ లేదు. నిజమైన భయంతో కోరేవారు మాత్రం రెండు విషయాలు ఆలోచించాలి. మొదటిది, ఇళ్ళ దొంగతనాల్లో చాలావాటికి దొంగలు ఎంచుకునేది తాళం వేసిన ఇంటినే. మీరు ఊళ్ళో లేనప్పుడు బీరువాలో ఉన్న రివాల్వర్ మిమ్మల్ని కాపాడకపోగా, దొంగిలించిన సొత్తులో చేరుతుంది, దానికి జవాబు చెప్పుకోవలసిన వ్యక్తి కూడా మీరే అవుతారు. రెండవది కాలం. 1983లో అమెరికాలోని సాల్ట్ లేక్ సిటీ పోలీసు శిక్షకుడు డెనిస్ టూలర్ ప్రచురించిన పరిశీలన ప్రకారం, కత్తి పట్టుకున్న మనిషి 21 అడుగుల దూరాన్ని సుమారు ఒకటిన్నర సెకనులో దాటి మీద పడగలడు. నడుముకు ఒరలో తుపాకీ ఉండి, రోజూ సాధన చేసే పోలీసుకే ఆ వ్యవధి చాలీచాలనిది. బీరువాలో, తూటాలు వేరుగా, తాళం వేసి ఉంచిన తుపాకీని నిద్రమత్తులో చీకట్లో తీసి వాడగలమనుకోవడం ఎంత వరకు సబబో ఆలోచించండి. అలాగని తూటాలు నింపి తలగడ కింద పెట్టుకుంటే, దొంగ కంటే ముందు దాన్ని చేతిలోకి తీసుకునేది ఇంట్లోని పిల్లవాడే కావచ్చు.

లైసెన్సు లేని నాటు తుపాకీ సంగతి వేరే చెప్పనక్కరలేదు. 2019 సవరణ తరవాత అది దగ్గర ఉంచుకున్నందుకే కనీసం రెండేళ్ళ జైలు ఉంది, పైగా గొట్టం పేలి పట్టుకున్నవారి చెయ్యే పోయే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. అడవి పందుల వల్ల పంట నష్టపోతున్న రైతులకు చట్టంలోనే వేరుగా లైసెన్సు ఏర్పాటు ఉంది. వారు ఆ దారినే వెళ్ళాలి. అయితే ఆ లైసెన్సు తుపాకీకి మాత్రమే అనుమతి ఇస్తుంది, జంతువును చంపడానికి అటవీ శాఖ నిబంధనలు విడిగా వర్తిస్తాయి.

కాల్చిన తరవాత చట్టం చూసేది

ఆత్మరక్షణ కోసం చేసిన పని నేరం కాదని, ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 34వ సెక్షన్ చెబుతుంది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న ఈ సంహితలో 34 నుంచి 44 వరకు సెక్షన్లు ఈ హక్కును, దాని హద్దులను వివరిస్తాయి. వీటిలో సామాన్యుడు తప్పక తెలుసుకోవలసింది 37వ సెక్షన్. పోలీసుల రక్షణ కోరే వ్యవధి ఉన్నప్పుడు ఈ హక్కు వర్తించదనీ, రక్షణకు అవసరమైన దానికంటే ఎక్కువ హాని చేయకూడదనీ అది చెబుతుంది. ప్రాణం తీసేంత వరకు వెళ్ళడానికి 38వ సెక్షన్ కొన్ని సందర్భాలను మాత్రమే ఒప్పుకుంటుంది: మరణం లేదా తీవ్ర గాయం తప్పదన్న సహేతుకమైన భయం, అత్యాచార యత్నం, అపహరణ, యాసిడ్ దాడి వంటివి. ప్రమాదం ఉందన్న భయం ఎంతసేపు కొనసాగుతుందో హక్కు కూడా అంతసేపే కొనసాగుతుంది. గొలుసు లాక్కుని బైకు మీద పారిపోతున్నవాడి వీపు మీద కాల్చినవారు ఆ క్షణానికి ప్రాణభయం ఉందని కోర్టులో నిరూపించడం చాలా కష్టం. ఎదుటివాడి దాడిని ఎదుర్కొంటున్న మనిషి తన దెబ్బను బంగారపు త్రాసులో తూచి కొట్టలేడని న్యాయస్థానాలు కొంత వెసులుబాటు ఇస్తూనే ఉన్నాయి. కానీ ఆ వెసులుబాటు అందేలోగా కేసు, బెయిలు, ఏళ్ళ తరబడి వాయిదాలు ఉంటాయి. చేతిలో ఉన్న సాధనం ఎంత ప్రమాదకరమైతే ఈ విచారణ అంత కఠినంగా ఉంటుంది. సాధనాలను పోల్చేటప్పుడు ధర, బరువు చూస్తారే గానీ ఈ భారాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

షూటింగ్ రేంజ్: నేర్చుకోదగినది, కానీ దేనికి

తుపాకీ అంటే ఆసక్తి ఉండి, దాన్ని ఇంట్లో పెట్టుకోవలసిన అవసరం లేనివారికి నేను నిస్సంకోచంగా చెప్పేది షూటింగ్ క్రీడ. గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం తెచ్చిన తరవాత, హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో 25 మీటర్ల పిస్టల్ జట్టు స్వర్ణంతో పాటు మూడు రజతాలు గెలిచిన తరవాత, తెలుగు కుటుంబాలకు ఈ ఆట కొత్తది కాకుండా పోయింది. గచ్చిబౌలి వైపు 2007 ప్రపంచ సైనిక క్రీడల కోసం ఏర్పాటైన రేంజ్ ఉంది. ఎయిర్ రైఫిల్, ఎయిర్ పిస్టల్ నేర్పే ప్రైవేటు అకాడమీలు కూడా నగరాల్లో వచ్చాయి. .177 బోరు, 20 జూళ్ళ లోపు శక్తి ఉన్న ఎయిర్ గన్‌కు లైసెన్సు అక్కరలేదు కాబట్టి మొదలుపెట్టడం సులువు. కళాశాల విద్యార్థులకైతే ఎన్‌సీసీలో .22 రైఫిల్ కాల్పుల శిక్షణ అధికారుల పర్యవేక్షణలో దొరుకుతుంది. చవకగా, క్రమశిక్షణతో మొదటి అనుభవం పొందడానికి దానికి మించినది నాకు తెలిసినంతలో లేదు.

మంచి కోచ్ కొత్తవారికి మొదట గుళ్ళు ఇవ్వరు. ఖాళీ పిస్టల్‌ను చాచిన చేతితో ఎత్తి, ముందు సైటు (గొట్టం చివర ఉండే గురి మొన) వెనక సైటు గాడి మధ్యలో నిలిచి, దానికి రెండు వైపులా వెలుతురు సమానంగా కనబడేదాకా పట్టుకోమంటారు. పావు నిమిషం గడిచేసరికి ముంజేయి వణుకుతుంది, ముందు సైటు గాడి అంచులను తాకుతూ తిరుగుతుంది, ఊపిరి బిగబట్టినకొద్దీ వణుకు పెరుగుతుంది. అప్పుడు ట్రిగ్గర్‌ను గుంజకుండా, చూపుడు వేలి మొదటి కణుపు మెత్తతో సూటిగా వెనక్కి, సైటు కదలకుండా నొక్కడం నేర్పుతారు. 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ లక్ష్యంలో పది మార్కుల వలయం వ్యాసం 11.5 మిల్లీమీటర్లు, ఎయిర్ రైఫిల్‌లోనైతే అది అర మిల్లీమీటరు చుక్క. కదలని లక్ష్యాన్ని, వెలుతురులో, ఎవరూ మీదికి రాకుండా కొట్టడమే ఇంత సాధన కోరితే, చీకట్లో కదిలే మనిషి విషయంలో తన గురి ఎంత నమ్మదగినదో నేర్చుకునేవారికి మొదటి వారంలోనే అర్థమవుతుంది.

రేంజ్ నేర్పే అసలైన ఆత్మరక్షణ భద్రతా నియమాలే. ప్రతి తుపాకీలోనూ తూటా ఉందనే భావించాలి. కాల్చదలచుకోని దేని వైపూ గొట్టం తిప్పకూడదు. గురి కుదిరేదాకా వేలు ట్రిగ్గర్ గార్డుకు బయటే ఉండాలి. లక్ష్యం వెనక ఏముందో తెలియకుండా కాల్చకూడదు. పిస్టల్‌ను ఖాళీ చేసేటప్పుడు ముందు మ్యాగజైన్ (తూటాల పెట్టె) తీసి, ఆ తరవాత పైన జరిగే స్లైడును వెనక్కి లాగి ఛాంబర్‌ను (కాల్చబోయే తూటా ఉండే గదిని) కంటితో చూసి, వేలితో తడిమి నిర్ధారించుకోవాలి. మ్యాగజైన్ తీశాం కాబట్టి ఖాళీ అయిపోయిందనుకుని, ఛాంబర్‌లో మిగిలిన ఒక్క తూటాను మరిచిపోవడం ఎన్నో ప్రమాదాలకు మూలం. బంధువుల ఇంట్లో, స్నేహితుల ఇంట్లో తుపాకీ కనబడే అవకాశం ఉన్నవారికి, తాము కొనకపోయినా, ఈ మాత్రం తెలిసి ఉండడం మేలు.

ఆత్మరక్షణ తరగతి

ఎక్కువమందికి, ముఖ్యంగా ఆడపిల్లలకు, ఎదురయ్యే ప్రమాదం ముసుగు దొంగ రూపంలో రాదు. బస్సులో కావాలని తగిలించే చెయ్యి, కాలేజీ నుంచి వెంబడించే బైకు, మాట వినకపోతే ఫొటోలు బయటపెడతానని బెదిరించే పరిచయస్తుడు, గది తలుపు దగ్గరికి వేసే బంధువు. వీటిలో దేనికీ తుపాకీ జవాబు కాదు. చాలావాటికి కరాటే కిక్కు కూడా జవాబు కాదు. పరిస్థితి చెడుతోందని ముందుగా గుర్తించడం, మొహమాటం వదిలి గట్టిగా వద్దనడం, అరవడం, విడిపించుకోవడం, పారిపోవడం, ఆ తరవాత ఫిర్యాదు చేయడం వరుసగా నేర్పే తరగతి కావాలి.

ఇటువంటి శిక్షణ పనిచేస్తుందనడానికి గట్టి ఆధారమే ఉంది. కెనడాలోని మూడు విశ్వవిద్యాలయాల్లో మొదటి సంవత్సరం విద్యార్థినులకు మూడేసి గంటల చొప్పున నాలుగు విడతలుగా, మొత్తం 12 గంటలు, ప్రమాదాన్ని అంచనా వేయడం, పరిచయస్తుల ఒత్తిడిని తిప్పికొట్టడం, మాటతోనూ చేతితోనూ ప్రతిఘటించడం నేర్పారు. ఏడాది తరవాత చూస్తే, కరపత్రాలు మాత్రమే ఇచ్చిన వర్గంలో 9.8 శాతం మంది అత్యాచారానికి గురికాగా, శిక్షణ పొందిన వర్గంలో అది 5.2 శాతమే ఉన్నట్టు 2015లో ప్రచురితమైన ఆ అధ్యయనం తేల్చింది. ఆ 12 గంటల్లో పిడిగుద్దులకు దక్కింది కొంత భాగమే; ఎక్కువ సమయం దాడి చేసేవాడు చాలాసార్లు తెలిసినవాడేనన్న నిజాన్ని ఒప్పుకోవడానికీ, తెలిసినవాడిని ఎదిరించడానికి అడ్డొచ్చే సంకోచాన్ని తొలగించుకోవడానికీ పోయింది. మన ఇళ్ళల్లో ఎవరూ నేర్పనిదీ ఇదే.

కరాటే, తైక్వాండో, జూడో, కర్రసాము వంటి విద్యలు దేహానికి బలాన్ని, మనసుకు ధైర్యాన్ని ఇస్తాయి, కానీ ఫలం కనబడడానికి ఏళ్ళు పడుతుంది. పైగా పోటీల కోసం నేర్పే చోట నియమాలు లేని ఎదుటివాడి ప్రస్తావనే రాకపోవచ్చు. ఇజ్రాయెల్ ఆత్మరక్షణ పద్ధతి క్రావ్ మగా పేరుతో నడిచే చిన్న కోర్సులు వీధి పరిస్థితులకు దగ్గరగా ఉంటాయి గానీ, ఆ పేరు పెట్టుకున్న ప్రతివారికీ తగిన అనుభవం ఉంటుందనుకోకూడదు. ప్రభుత్వ పాఠశాలల్లో ఆరు నుంచి పన్నెండు తరగతుల బాలికలకు కేంద్ర పాఠశాల విద్యా పథకం సమగ్ర శిక్ష కింద రాణీ లక్ష్మీబాయి ఆత్మరక్షణ శిక్షణ మూడు నెలల పాటు ఇస్తారు. మీ ఊరి పాఠశాలలో అది నడుస్తోందా, నేర్పేవారు రోజూ వస్తున్నారా అని తల్లిదండ్రుల సమావేశంలో అడగడానికి ఏ ఖర్చూ లేదు.

ఫీజు కట్టేముందు ఒక్క తరగతి కూర్చుని చూడండి. శిక్షకుడు తానే ఎదుటివాడిని పడగొట్టి చూపిస్తూ గంట గడిపేస్తున్నాడా, లేక నేర్చుకునేవారు తమకంటే బలమైన మనిషి పట్టు నుంచి విడిపించుకునే ప్రయత్నం నిజంగా చేస్తున్నారా? అరవడం సాధన చేయిస్తున్నారా? కత్తి చూపించి డబ్బు అడిగితే ఇచ్చేయమని చెబుతున్నారా? ఈ చివరి ప్రశ్నకు ఇవ్వకూడదు, కత్తి లాక్కోవాలి అని జవాబు వస్తే నేనైతే అక్కడ మా పిల్లలను చేర్పించను.

పెప్పర్ స్ప్రే, ఫోను

పెప్పర్ స్ప్రేకు లైసెన్సు అక్కరలేదు, ధర తక్కువ, సాధన కొద్దిగా చాలు. అందుకే చాలామందికి అది తగిన సాధనం. కానీ మూసిన గదిలో అది మిత్రుడెవరో శత్రువెవరో చూడదు. 2014 ఫిబ్రవరిలో తెలంగాణ బిల్లు సందర్భంగా లోక్‌సభలో అప్పటి ఎంపీ లగడపాటి రాజగోపాల్ దాన్ని కొట్టినప్పుడు సంబంధం లేని సభ్యులు కూడా దగ్గుతూ బయటికి పరుగెత్తిన దృశ్యం తెలుగువారికి గుర్తుండే ఉంటుంది. ఆరుబయట గాలి ఎటు వీస్తోందో చూసుకోవాలి, గడువు తేదీ దాటిన డబ్బాను మార్చాలి, కొన్నాక ఒకసారి ఖాళీ స్థలంలో కొట్టి చూసి ధార ఎంత దూరం పోతుందో తెలుసుకోవాలి. టిఫిన్ డబ్బా, గొడుగు, ఛార్జర్ కింద సంచి అడుగున పడి ఉన్న స్ప్రే లేనట్టే లెక్క. దారిలో నడిచేటప్పుడు అది చేతిలో ఉండాలి, బొటనవేలు మూత మీద ఉండాలి. ప్రాణభయం లేని తగాదాలో దాన్ని వాడితే అది ప్రమాదకర ఆయుధంగా కోర్టు ముందుకు వచ్చే అవకాశం ఉందని 2024 నాటి కర్ణాటక హైకోర్టు ఉత్తర్వు చెబుతోంది.

ఫోను సంగతి క్లుప్తంగా చెబితే చాలు. అత్యవసర సంఖ్య 112. 2017 తరవాత మన దేశంలో అమ్మిన స్మార్ట్‌ఫోన్లలో పవర్ బటన్‌ను వరసగా మూడుసార్లు నొక్కితే, బటన్ ఫోన్లలో 5 లేదా 9 అంకెను నొక్కి పట్టుకుంటే ఆపద కాల్ వెళ్ళే ఏర్పాటు ఉండాలని నిబంధన. కొన్ని స్మార్ట్‌ఫోన్లలో నొక్కవలసిన సంఖ్య వేరుగా ఉండవచ్చు కాబట్టి మీ ఫోను సెట్టింగుల్లో చూసుకోండి. వెంబడింపు, వేధింపుల విషయంలో తెలంగాణలో 2014 అక్టోబరు నుంచి పనిచేస్తున్న షీ టీమ్స్‌కు (మహిళల రక్షణ కోసం ఉన్న పోలీసు బృందాలకు) ఫిర్యాదు చేయడం ఏ ఆయుధం కంటే ముందు చేయవలసిన పని.

అమెరికాలో ఉన్న మనవారికి

అక్కడ తుపాకీ దుకాణం వీధి మలుపులోనే ఉంటుంది కాబట్టి, హెచ్1బీ మీద పనిచేసేవారు, ఎఫ్1 మీద చదివేవారు తమకూ కొనే వీలుందనుకుంటారు. ఇటువంటి నాన్ ఇమ్మిగ్రెంట్ (తాత్కాలిక) వీసాపై ఉన్నవారు తుపాకీ గాని తూటాలు గాని దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు మాత్రమే ఉన్నాయి. రేంజ్‌లో అద్దెకు తీసుకుని కాల్చడం కూడా ఈ నిషేధం కిందికే వస్తుంది. వారాంతంలో స్నేహితులతో సరదాగా వెళ్ళి ఫొటో పెట్టుకునేవారు ఈ సంగతి తెలుసుకోవాలి. వీసా పోవడం దగ్గరే అది ఆగకపోవచ్చు. వేట లైసెన్సు తీసుకుని చట్టబద్ధంగా కొన్నవారికీ శిక్షణ లేకపోతే ముప్పు తప్పదు: కొత్త వేట తుపాకీని శుభ్రం చేస్తూ తెలుగు విద్యార్థి ఒకరు ప్రాణం పోగొట్టుకున్న వార్త 2024లో వచ్చింది. గ్రీన్ కార్డు ఉన్నవారు కొనదలిస్తే, కొన్న తరవాత కాకుండా కొనేముందే గుర్తింపు ఉన్న శిక్షకుడి దగ్గర భద్రతా కోర్సు పూర్తి చేసి, తమ రాష్ట్రంలో వెంట తీసుకెళ్ళే నిబంధనలను, ఇంట్లో పిల్లలున్నప్పుడు భద్రపరిచే నిబంధనలను చదువుకోవాలి. రాష్ట్రం మారితే నిబంధనలూ మారతాయి.

ఎవరికి ఏది

కళాశాలకు, ఉద్యోగానికి వెళ్ళే అమ్మాయికి పై పద్ధతిలో నడిచే చిన్న ఆత్మరక్షణ కోర్సు, చేతిలో స్ప్రే, ఫోనులో సిద్ధంగా 112 ఉంటే మొదటి ఏడాదికి సరిపోతుంది. ఆసక్తి ఉంటే జూడోనో కర్రసామో తరవాత మొదలుపెట్టవచ్చు. పదిహేనేళ్ళ కుర్రవాడు తుపాకీ అంటే పడి చస్తుంటే, మందలించి ఊరుకోవడం కంటే ఎయిర్ రైఫిల్ రేంజ్‌లో చేర్పించడం నయం. అక్కడ గొట్టం పక్కకు తిప్పిన మొదటి రోజే బయటికి పంపుతారు. రాత్రి పొద్దుపోయాక దుకాణం కట్టి నగదుతో ఇంటికి వెళ్ళే వ్యాపారి, లైసెన్సుకు దరఖాస్తు చేసేముందు, ఆ నగదును ఆ సమయంలో మోయవలసిన అవసరమే లేకుండా చేసుకోగలడేమో చూడాలి; అది కుదరక, ముప్పుకు ఆధారం కూడా ఉంటే లైసెన్సు కోరడం న్యాయమే, కానీ నెలకు ఒకసారైనా రేంజ్‌కు వెళ్ళనివారికి ఆ తుపాకీ భారమే తప్ప రక్షణ కాదు.

పిల్లలు హైదరాబాద్‌లోనో బయటి దేశాల్లోనో ఉండి, ఊళ్ళో ఇద్దరే ఉండే పెద్దవారికి నేను ఆయుధం సూచించను. వీధి తలుపుకు బయటి నుంచి ఇనుప గ్రిల్, లోపలి నుంచి గొలుసు, పెరటి వైపు చీకటి పడగానే వెలిగే లైటు, పిల్లల ఫోనులో కనబడే కెమెరా, పక్కింటివారి నంబరు మొదటి మీటలో, మంచం పక్కనే ఫోను: ఇవన్నీ కలిపినా ఒక రివాల్వర్ ధర కంటే తక్కువలోనే అయిపోవచ్చు. ఊరు వెళ్ళేటప్పుడు ఠాణాలో చెప్పి వెళ్ళడం మంచిది; ఆంధ్రప్రదేశ్ పోలీసులు తాళం వేసిన ఇళ్ళపై నిఘా కోసం ఎల్‌హెచ్‌ఎంఎస్ అనే ఏర్పాటు తెచ్చారు, మీ పట్టణంలో అది అందుబాటులో ఉందో లేదో ప్రయాణానికి రెండు రోజుల ముందే అడిగి తెలుసుకోండి.